మూడేళ్లు దాటిన కస్టమర్ డేటా దానంతటదే డిలీట్ కావాలట, సాఫ్ట్‌వేర్‌లో ఎలా పెట్టాలి?

బెజవాడ_కోడర్
అందరికీ నమస్కారం. మాది చిన్న టీమ్. ఫ్రిజ్‌లు, ఏసీలు, టీవీలు అమ్మే షోరూములకు బిల్లింగ్, కస్టమర్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తుంటాం. విజయవాడ, గుంటూరు, ఏలూరుల్లో బ్రాంచీలున్న ఒక పార్టీ మొన్న ఫోన్ చేసి "కొత్త డేటా చట్టం వచ్చిందంట, మూడేళ్లు దాటిన కస్టమర్ల వివరాలు ఉంచుకుంటే 250 కోట్లు ఫైనంట, ఆటోమేటిక్ డిలీట్ పెట్టండి" అన్నారు. ఎవరో వాట్సాప్‌లో పంపిన మెసేజ్ చూసి వచ్చిన కంగారు. వాళ్ల ఆడిటర్‌ని అడిగితేనేమో "ఎనిమిదేళ్ల దాకా ఒక్క బిల్లు ముట్టుకోవద్దు" అన్నారు. మధ్యలో నేను.

మా డేటాబేస్‌లో కస్టమర్ టేబుల్‌కి మొబైల్ నంబరే ప్రైమరీ కీ, అంటే ఒక్కో కస్టమర్‌ని వేరుగా గుర్తుపట్టే ఆధారం. బిల్లులు, సర్వీస్ కాల్స్, ఎక్స్ఛేంజ్, ఆఫర్ ఎస్ఎంఎస్‌లు అన్నీ ఆ నంబరుకే లింకు. ఈఎంఐ మీద కొన్నవాళ్ల ఆధార్, పాన్ స్కాన్ కాపీలు సర్వర్‌లో వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. నా ప్లాన్ ఏంటంటే, రోజూ రాత్రి రెండింటికి ఒక క్రాన్ జాబ్ (పెట్టిన టైమ్‌కి దానంతటదే నడిచే ప్రోగ్రామ్) నడుస్తుంది; కస్టమర్‌ని చేర్చిన తేదీ మూడేళ్లు దాటితే ఆ రికార్డు డిలీట్. ఇందులో తేడా ఏమైనా ఉందా?

లెక్కల_మాస్టారు
ముందు ఆ క్రాన్ జాబ్ ఆపండి బాబూ. తర్వాత మాట్లాడుకుందాం.

ఆ మూడేళ్లు మీ షోరూముకు సంబంధించినవి కావు. డీపీడీపీ చట్టం, అంటే డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ఆ రూల్స్ మూడో షెడ్యూల్‌లో మూడేళ్ల లెక్క ఉంది. అది మన దేశంలో కనీసం 2 కోట్ల మంది రిజిస్టర్డ్ యూజర్లున్న ఈ-కామర్స్ సంస్థలకు, 2 కోట్లున్న సోషల్ మీడియాకు, 50 లక్షలున్న ఆన్‌లైన్ గేమింగ్ కంపెనీలకు మాత్రమే. మూడు ఊళ్లలో ఫ్రిజ్‌లు అమ్మేవాళ్లు అందులోకి రారు. 250 కోట్లనేది కూడా డేటా భద్రతకు తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే పడే గరిష్ఠ జరిమానా. మూడేళ్ల గడువుకి, దానికి ముడిపెట్టి ఎవరో మెసేజ్ తయారుచేశారు.

అలాగని మీకు బాధ్యత లేదని కాదు. చట్టం 8వ సెక్షన్ ప్రకారం కస్టమర్ సమ్మతి వెనక్కి తీసుకున్నా, డేటా తీసుకున్న పని అయిపోయినా చెరిపెయ్యాలి; వేరే చట్టం ఉంచమంటే ఉంచాలి. ఇందులో సంవత్సరాల అంకె లేదు. ప్రధాన నిబంధనలు రూల్స్ వచ్చిన 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. టైమ్ ఉంది, టెన్షన్ పడకండి.

ఇక ఉంచమనే చట్టాలు. కేంద్ర జీఎస్టీ చట్టం (సీజీఎస్టీ) 36వ సెక్షన్ ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. 2025-26 వార్షిక రిటర్న్‌కి గడువు 2026 డిసెంబరు 31 అనుకుంటే 2032 డిసెంబరు 31 దాకా ఆ ఏడాది లెక్కలు ఉండాల్సిందే. అప్పీలు, విచారణ నడుస్తుంటే ఇంకా పొడుగు. ఆడిటర్ గారు చెప్పిన ఎనిమిదేళ్లు కంపెనీల చట్టం 128వ సెక్షన్‌లోవి. మీ పార్టీ ప్రైవేట్ లిమిటెడ్ అయితే వర్తిస్తుంది, మామూలు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అయితే వర్తించదు. అదేంటో ముందు కనుక్కోండి.

సేల్స్_సుబ్బు
మాస్టారు చెప్పింది చూస్తే హాయిగా ఉంది. మూడేళ్లు మనకి కాదు, ఎలాగూ ఎనిమిదేళ్లు ఉంచాలి. మరి డిలీట్ చెయ్యడం ఎందుకు? నేను ఇదే లైన్లో ఉన్నా. ఫ్రిజ్ కొన్నవాడు మళ్లీ ఏడెనిమిదేళ్లకి వస్తాడు. దసరాకి, దీపావళికి పాత లిస్టుకి ఒక ఎస్ఎంఎస్ కొడితే షాపు నిండుతుంది. పదేళ్ల కష్టం ఆ లిస్టు. స్టోరేజీ కూడా చవకే కదా.

మైంజ్_మావయ్య
సుబ్బు గారూ, "ఎప్పటికైనా పనికొస్తుంది" అనేదాన్ని ఇక్కడ యూరప్‌లో ఎవరూ ఒప్పుకోరు. నేను జర్మనీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటా ప్రైవసీ పని చూస్తాను. ఇక్కడి డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ అయిదో ఆర్టికల్‌లోనే ఉంది, అవసరమైనంత కాలమే ఉంచాలని. 2019లో బెర్లిన్ అధికారులు డాయిష్ వోనెన్ అనే పెద్ద ఇళ్ల కంపెనీకి 1.45 కోట్ల యూరోల జరిమానా వేశారు. డేటా లీకైందని కాదు. అద్దెకున్నవాళ్ల పాత జీతం కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టుకున్న ఆర్కైవ్ సాఫ్ట్‌వేర్‌లో డిలీట్ చేసే వీలే లేదని. ఆ కేసు తర్వాత యూరప్ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది.

కోడర్ గారికి పనికొచ్చే కేసు ఇంకొకటుంది. డెన్మార్క్‌లో టాక్సా 4x35 అనే టాక్సీ కంపెనీ. ప్రయాణికుల పేర్లు రెండేళ్లకు తీసేసేవాళ్లు. కానీ ఫోన్ నంబరు మాత్రం అయిదేళ్లు ఉంచేవాళ్లు. కారణం అడిగితే మా సిస్టమ్‌లో ఫోన్ నంబరే కస్టమర్ కీ, అది తీస్తే మిగతా రికార్డులు తెగిపోతాయి అన్నారు. దాదాపు 89 లక్షల ట్రిప్పులు ఆ నంబర్లతో మిగిలి ఉన్నాయి. 2019లో అక్కడి అధికారులు 12 లక్షల క్రోనర్ల జరిమానా ప్రతిపాదించారు. మీ సిస్టమ్ అలా కట్టుకున్నారు కాబట్టి అవసరానికి మించి మూడేళ్లు ఎక్కువ ఉంచుతామంటే కుదరదు అన్నది వాళ్ల వాదన.

మీ ప్రైమరీ కీ ఏంటన్నారు?

బెజవాడ_కోడర్
మొబైల్ నంబరు. 😐

డీబీఏ_అక్క
మీరొక్కరే కాదులే తమ్ముడూ, మన దగ్గర సగం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు అలాగే ఉంటాయి. కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్నే "నంబర్ చెప్పండి సర్" కదా.

డిలీట్ సంగతి పక్కన పెట్టినా అది కీగా పనికిరాదు. మొబైల్ నంబరు మనిషిది కాదు, టెలికాం కంపెనీది. డిస్‌కనెక్ట్ అయిన నంబరును 90 రోజుల దాకా వేరేవాళ్లకు ఇవ్వకూడదని మాత్రమే నిబంధన. ఆ సంగతి 2023లో సుప్రీంకోర్టు ముందు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా చెప్పింది. ఆ తర్వాత ఎవరికైనా ఇస్తారు. అంటే 2019లో మీ దగ్గర వాషింగ్ మెషీన్ కొన్నావిడ పేరు, ఇంటి అడ్రసు, సర్వీసు వివరాలు ఇప్పుడు ఆ నంబరు వాడుతున్న కొత్త మనిషికి ఎస్ఎంఎస్‌లో వెళ్లొచ్చు. కొత్త మనిషి షాపుకొచ్చి నంబరు చెప్తే కౌంటర్లో పాతావిడ పేరుతో బిల్లు కొడతారు. సుబ్బు గారి పదేళ్ల లిస్టులో ఇలాంటివి ఎన్ని ఉంటాయో ఆయనకే తెలియదు.

మొదటి పని డిలీట్ జాబ్ కాదు. కస్టమర్‌కి అర్థం లేని ఒక అంతర్గత ఐడీ ఇవ్వండి, ఆటో నంబర్ చాలు. బిల్లులు, సర్వీసు, ఎక్స్ఛేంజ్ అన్నీ ఆ ఐడీకి లింకు చెయ్యండి. పేరు, నంబరు, అడ్రసు, పుట్టినరోజు ఒక వేరే టేబుల్‌లో పెట్టండి. అప్పుడు ఆ టేబుల్‌లో వరస ఖాళీ చేసినా బిల్లులు చెక్కుచెదరవు. ఇది చెయ్యకుండా డిలీట్ పెడితే రెండే జరుగుతాయి: ఫారిన్ కీ (బిల్లును కస్టమర్‌కి కట్టే లింకు) ఒప్పుకోక జాబ్ రోజూ ఫెయిల్ అవుతుంది, లేదా క్యాస్కేడ్ (ఒకటి తీస్తే దానికి లింకైనవీ పోయే సెట్టింగ్) ఆన్ చేసి ఉంటే కస్టమర్‌తో పాటు బిల్లులు కూడా పోతాయి. రెండోది జరిగిన రోజు మాస్టారి ఫోన్ ఎత్తలేరు మీరు.

రెండో విషయం, ఏ తేదీ నుంచి లెక్క అనేది. కస్టమర్‌ని చేర్చిన తేదీ పెట్టారు. 2020లో మొదటిసారి వచ్చి, పోయిన నెలలో ఏసీ కొన్న మనిషి మీ లెక్కలో రేపు రాత్రికి మాయం. చివరి లావాదేవీ తేదీ తీసుకోవాలి. అది కూడా కస్టమర్ వైపు నుంచి జరిగిందే అయుండాలి: కొనడం, సర్వీసుకి ఫోన్ చెయ్యడం, యాప్‌లో లాగిన్ అవ్వడం. మీరు పంపిన ఆఫర్ ఎస్ఎంఎస్‌ని యాక్టివిటీగా లెక్కేస్తే నెలకో మెసేజ్‌తో గడువు ఎప్పటికీ రాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో "చివరిగా మార్చిన తేదీ" వాడతారు, అదింకా ఘోరం. ఏదో ఒక అప్‌డేట్ స్క్రిప్ట్ నడిపితే అందరి గడియారం ఒకేసారి సున్నాకి వస్తుంది.

బెజవాడ_కోడర్
అక్కా, ఐడీ మార్చడం అర్థమైంది. పెద్ద పనే గానీ తప్పదు. కానీ ఏసీ కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ ఉంటుంది. పేరు, నంబరు ముందే తీసేస్తే సర్వీసు ఎలా? పైగా బిల్లు పీడీఎఫ్‌లో పేరు, నంబరు ప్రింట్ అయి ఉంటాయి. దాన్ని ఏం చెయ్యాలి?

లెక్కల_మాస్టారు
వారంటీ ఉన్నంతకాలం ఆ పని అయిపోనట్టే. ఆ కస్టమర్‌కి పదేళ్లు ఉంచండి, ఎవరూ కాదనరు. మిక్సీ కొన్నవాళ్లకి పదేళ్లు ఎందుకు? వస్తువును బట్టి గడువు మారాలి. వారంటీ ఉంది కదా అని అదే నంబరుకి పండగ ఆఫర్లు పంపడం వేరే విషయం, దాని సమ్మతి వేరు.

బిల్లు గురించి ఒకటి చెప్తాను, చాలామందికి తెలియదు. జీఎస్టీ 46వ రూలు ప్రకారం, కొన్నవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే పన్ను పడే విలువ 50 వేలు, ఆపైన ఉన్నప్పుడే బిల్లులో పేరు, అడ్రసు తప్పనిసరి. అంతకంటే తక్కువైతే కస్టమర్ అడిగితేనే. మొబైల్ నంబరు ఎక్కడా తప్పనిసరి కాదు. ముప్పై వేల టీవీ బిల్లుకి నంబరు, పుట్టినరోజు, పెళ్లిరోజు అడగమని ఏ చట్టమూ చెప్పలేదు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా దుకాణదారులకి చెప్పింది, నంబరు ఇవ్వకపోతే బిల్లు ఇవ్వం అనొద్దని.

షట్టర్_డౌన్
మాస్టారూ, నేను కౌంటర్‌లో కూర్చునేవాణ్ణి. ఆ సాఫ్ట్‌వేర్లో నంబరు కొట్టకపోతే బిల్లు సేవ్ కాదు. కస్టమర్ ఇవ్వనంటే పది తొమ్మిదులు కొడతాం. ఆ 9999999999 పేరు మీద మా దగ్గర ఇప్పుడు కొన్ని వందల ఫ్రిజ్‌లున్నాయి.

డీబీఏ_అక్క
హహ. మీ ఊళ్లో అత్యంత ధనవంతుడు ఆయనే.

కోడర్ తమ్ముడూ, ఆ ఫీల్డ్ ఐచ్ఛికం చేసెయ్. తీసుకోని డేటాకి గడువు పెట్టక్కర్లేదు.

లెక్కల_మాస్టారు
ఇంకో మెలిక. మీ పార్టీ కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి. ప్రతి మార్పూ, చేసిన తేదీతో నమోదవ్వాలి, ఆ ఫీచర్ ఆపే వీలు ఉండకూడదు. ఇప్పుడు మీరు పాత బిల్లులోకి వెళ్లి కస్టమర్ పేరు తీసేసి "కస్టమర్" అని పెట్టారనుకోండి. బిల్లులో పేరు పోతుంది, ఎడిట్ లాగ్‌లో పాత పేరు భద్రంగా ఉంటుంది. పైగా ఆడిటర్ వచ్చి ఇన్ని వేల బిల్లులు ఒకే రాత్రి ఎందుకు మార్చారని అడుగుతాడు. కాబట్టి 50 వేలు దాటిన బిల్లుల జోలికి గడువు తీరేదాకా వెళ్లొద్దు. ఇకమీదట చిన్న బిల్లుల్లో పేరు లేకుండా ఐడీ మాత్రం పడేలా చూడండి. పాత చిన్న బిల్లులు ఉన్నవి ఉన్నట్టే వదిలేసి, అకౌంట్స్ వాళ్లకు తప్ప ఎవరికీ కనపడకుండా తాళం వెయ్యండి.

సేల్స్_సుబ్బు
అయితే ఉంచడం, తీసెయ్యడం రెండూ ఒకేసారి చెప్తే సాఫ్ట్‌వేర్ ఎవరి మాట వినాలి?

మైంజ్_మావయ్య
మంచి ప్రశ్న. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆఫీసు సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ 365లో దీనికి ఒక సూత్రం పెట్టారు. ఒక పాలసీ ఉంచమని, ఇంకొకటి డిలీట్ చెయ్యమని చెప్తే ఉంచమన్నదే గెలుస్తుంది. ఉంచమనేవి రెండు ఉంటే ఎక్కువ కాలం ఉన్నది గెలుస్తుంది. మీ సాఫ్ట్‌వేర్‌లోనూ అదే పెట్టుకోండి. కాకపోతే ఇది మొత్తం కస్టమర్ మీద కాదు, ఒక్కో రకం డేటా మీద చూడాలి. లేకపోతే ఒక్క బిల్లు ఎనిమిదేళ్లు ఉండాలనే వంకతో పెళ్లిరోజు తేదీ కూడా ఎనిమిదేళ్లు కూర్చుంటుంది.

దీనితో పాటు "హోల్డ్" అనే గుర్తు ఒకటి ఉండాలి. కస్టమర్ ఫ్రిజ్ పేలిందని వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే ఆ రికార్డు గడువు తీరినా కదలకూడదు. గూగుల్‌కి ఏమైందో చూడండి. ఉద్యోగుల చాట్‌లు హిస్టరీ ఆఫ్‌లో ఉంటే 24 గంటల్లో పోయేవి. ఎపిక్ గేమ్స్ అనే కంపెనీ వేసిన కేసు నడుస్తున్నా ఆ ఆటో డిలీట్ ఆపలేదు. 2023 మార్చిలో కాలిఫోర్నియా జడ్జి జేమ్స్ డొనాటో, సాక్ష్యం కాపాడాల్సిన బాధ్యత గూగుల్ నెరవేర్చలేదని తేల్చారు.

లెక్కల_మాస్టారు
మన దగ్గర వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ఫిర్యాదుకి కాలపరిమితి, కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. సర్వీసు ఫిర్యాదుల రికార్డుకి అది కనీసం అనుకోండి. ఇంకోటి, డీపీడీపీ రూల్స్‌లోనే ప్రాసెసింగ్ జరిగిన తేదీ నుంచి కనీసం ఏడాది పాటు ఆ డేటా, లాగ్‌లు ఉంచాలని ఉంది. అంటే కస్టమర్ ఇవాళ తీసెయ్యమన్నా ఆఫర్లు వెంటనే ఆపండి, రికార్డు మాత్రం ఏడాది పక్కన పెట్టి తర్వాత తీసెయ్యండి.

డీబీఏ_అక్క
ఇక అసలు డిలీట్ దగ్గరికొద్దాం. ఇక్కడే అందరూ తొందరపడతారు.

చాలా సాఫ్ట్‌వేర్లలో డిలీట్ బటన్ నొక్కితే "డిలీట్ అయింది" అనే గుర్తు పడుతుంది, డేటా అలాగే ఉంటుంది. పొరపాటున నొక్కినప్పుడు వెనక్కి తెచ్చుకోడానికి అది మంచిదే. కస్టమర్ సాఫ్ట్‌వేర్ సేల్స్‌ఫోర్స్ రీసైకిల్ బిన్‌లో 15 రోజులు ఉంటుంది, జీమెయిల్ ట్రాష్‌లో 30 రోజులు. ఆ తర్వాత నిజంగా పోవాలి. గుర్తు పెట్టేసి ఏళ్లతరబడి వదిలేసిన టేబుళ్లే నేను ఎక్కువ చూస్తుంటాను.

క్లౌడ్‌లో కూడా గడువు తీరగానే పోతుందనుకోవద్దు. అమెజాన్ వాళ్ల డేటాబేస్ డైనమోడీబీలో గడువు దాటినవి పోవడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, అందుకే క్వెరీలోనే వాటిని వడకట్టాలి. వాళ్లదే ఫైల్ స్టోరేజీ ఎస్3లో వెర్షనింగ్ (పాత కాపీలు దాచే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే లైఫ్‌సైకిల్ రూలు, అంటే గడువు రూలు, ఫైలు మీద ఒక డిలీట్ మార్కర్ వేస్తుంది, పాత వెర్షన్ లోపలే ఉంటుంది. పాత వెర్షన్లకి వేరే రూలు రాయాలి. నీ ఆధార్ స్కాన్లు ఎక్కడున్నాయో చూసుకో.

జాబ్ మొదటి నెల ఏదీ డిలీట్ చెయ్యకూడదు. రేపు ఏవి పోతాయో లిస్టు మాత్రం ఓనర్‌కి పంపాలి. ఒక రాత్రికి ఇన్నికంటే ఎక్కువ పోకూడదని పరిమితి పెట్టు. అది దాటితే జాబ్ ఆగిపోయి నీకు మెసేజ్ రావాలి. 2020లో పెద్ద ఆడిట్ సంస్థ కేపీఎంజీలో ఒక అడ్మిన్ ఒక్క యూజర్ చాట్‌ల గడువు మార్చబోయి మొత్తం సంస్థకి వర్తింపజేశాడు. 1,45,000 మంది మైక్రోసాఫ్ట్ టీమ్స్ చాట్‌లు పోయాయి, వెనక్కి రాలేదు. అంత పెద్ద సంస్థలోనే ఆపే మెట్టు లేకపోయింది.

బ్యాకప్‌ల సంగతి. పాత బ్యాకప్‌లోకి దూరి ఒక్క కస్టమర్‌ని తీయడం అయ్యే పని కాదు, ఎవరూ చెయ్యరు. బ్యాకప్‌లకే ఒక గడువు పెట్టు, ఉదాహరణకి 60 రోజులు. డిలీట్ చేసిన అంతర్గత ఐడీల లిస్టు, పేర్లు కాదు ఐడీలు మాత్రమే, విడిగా దాచు. ఎప్పుడైనా బ్యాకప్ రీస్టోర్ చేస్తే షోరూముకి ఇచ్చేముందు ఆ లిస్టు మళ్లీ నడపాలి. లేకపోతే తీసేసినవాళ్లంతా సోమవారం పొద్దున్నకి లేచి వస్తారు, మధ్యాహ్నానికి వాళ్లకి ఆఫర్ మెసేజ్‌లు పోతాయి.

షట్టర్_డౌన్
సర్వర్‌లో తీస్తారు సరే. మా మేనేజర్ ప్రతి నెలా కస్టమర్ లిస్టు ఎక్సెల్‌లో దింపి బ్రాంచి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆ గ్రూపులో మానేసి వేరే షాపులో చేరినవాళ్లు కూడా ఉన్నారు.

మైంజ్_మావయ్య
మొత్తం థ్రెడ్‌లో అసలైన లీకేజీ చెప్పింది మీరే. ఎక్స్‌పోర్ట్ బటన్ ఓనర్‌కి తప్ప తీసెయ్యండి. కుదరకపోతే నంబర్లలో మధ్య అంకెలు దాచి దింపండి.

సేల్స్_సుబ్బు
నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోవట్లేదు గానీ, ఒక మాట. గడువు తీరేముందు కస్టమర్‌కి "మీ వివరాలు ఉంచమంటారా" అని మెసేజ్ పంపితే? అవునన్నవాళ్లు ఉంటారు, నాకు ఆ లిస్టు చాలు.

లెక్కల_మాస్టారు
మూడో షెడ్యూల్ కంపెనీలు తీసెయ్యడానికి కనీసం 48 గంటల ముందు చెప్పాలని రూలే ఉంది. మీకు తప్పనిసరి కాదు, అయినా మంచి ఆలోచన. అందులో ఆఫర్ ఇరికించకండి సుబ్బు గారూ.

బెజవాడ_కోడర్
అందరికీ థ్యాంక్స్. ఓనర్‌తో మాట్లాడాను, వాళ్లది ప్రైవేట్ లిమిటెడే. ఇలా అనుకుంటున్నాం. ముందు అంతర్గత ఐడీకి మారతాం. ఆధార్, పాన్ స్కాన్లు లోన్ ఖరారై ఫైనాన్స్ కంపెనీకి చేరాక షోరూముకి వాటితో పనిలేదు. కొత్తవాటికి ఏడాది నియమం వర్తించినా ఆ గడువు వరకే. పాత స్కాన్లు ఏళ్ల నాటివి, ముందు వాటినే తీసేస్తాం. పెళ్లిరోజు, పుట్టినరోజు, ఆఫర్ లిస్టుకి చివరిసారి కొన్న లేదా సర్వీసుకి పిలిచిన తేదీ నుంచి రెండేళ్లు, ముందు మెసేజ్‌తో. సర్వీసు వివరాలు వారంటీ తీరాక ఇంకో రెండేళ్లు. బిల్లులు ఎనిమిదేళ్లు లేదా జీఎస్టీ గడువు, ఏది ఆలస్యమైతే అది. ఆఫర్ గడువుకి రెండేళ్లా మూడా అని ఓనర్ ఇంకా బేరమాడుతున్నారు.

డీబీఏ_అక్క
బాగుంది. టెక్నీషియన్ల ఫోన్ యాప్‌లో ఆఫ్‌లైన్ కాపీ ఉంటుందేమో చూడు. సింక్ అయినప్పుడు డిలీట్ కూడా అక్కడికి వెళ్లాలి, చాలా యాప్‌లు కొత్తవి దింపుకుంటాయి గానీ పాతవి తీసెయ్యవు.

బెజవాడ_కోడర్
ఉంది అక్కా, అదసలు గుర్తే లేదు. కాల్ పూర్తయ్యాక ఫోన్లో ఏడు రోజులకు మించి ఉండకుండా చేస్తాను.

లెక్కల_మాస్టారు
చివరిగా ఒకటి. నేను పైన చెప్పిన 2032 తేదీని కోడ్‌లో గట్టిగా రాసెయ్యకండి. వార్షిక రిటర్న్ గడువును ప్రభుత్వం పొడిగించిన సందర్భాలు చాలా ఉన్నాయి, అప్పుడు 72 నెలల లెక్క కూడా ముందుకు జరుగుతుంది. సంవత్సరం వారీగా గడువు తేదీ సెట్టింగ్స్‌లో ఎక్కించుకునేలా పెట్టండి. దాన్ని మార్చే అధికారం ఒకరికే ఉండాలి.

బెజవాడ_కోడర్
సరే మాస్టారూ. ఒకరు మారిస్తే ఇంకొకరు ఓకే చేసేదాకా అమలు కాకుండా పెడుతున్నాను, అక్క చెప్పిన కేపీఎంజీ సంగతి విన్నాక ఓనరే అడిగారు.